వరిలో శిలీంధ్ర తెగుళ్లు: నాటే పద్ధతుల ద్వారా యాజమాన్యం

ఉపోద్ఘాతం

వరి చేలో తెగులు కనబడగానే రైతు అడిగే మొదటి ప్రశ్న "ఏం మందు కొట్టాలి?" అని. దుకాణంలో ఆ ప్రశ్నకు జవాబు వెంటనే దొరుకుతుంది. ఈ పాఠంలో మనం అంతకు రెండు నెలల ముందు అడగవలసిన ప్రశ్నలను తీసుకుంటున్నాం. ఎప్పుడు నాటారు? ఎంత ఎడంగా నాటారు? పక్క మడిలో ఏ రకం ఉంది? మచ్చ కంటికి కనబడేది పిలక దశలోనో, ఈనిక దశలోనో అయినా, ఆ మచ్చ చేనంతా పాకుతుందా లేదా అన్నది చాలావరకు నాట్ల రోజే తేలిపోతుంది.

వ్యాధి త్రికోణం గురించి మీరు ముందు పాఠంలో చదివారు. తెగులును తట్టుకోలేని మొక్క, తెగులు కలిగించే జీవి, దానికి అనువైన వాతావరణం, ఈ మూడూ ఒకచోట కలిస్తేనే తెగులు వస్తుంది. మూడోదైన వాతావరణం మన చేతిలో లేదని విద్యార్థులు సాధారణంగా రాస్తుంటారు. అది సగమే నిజం. ఊరి మీద కురిసే వాన మన చేతిలో లేదు. కానీ రెండు వరి కుదుళ్ల మధ్య, నీటి మట్టానికి జానెడు ఎత్తున ఉండే గాలి, తేమ, వెలుతురు ఎలా ఉండాలో నిర్ణయించేది నాటిన మనిషే. దీన్నే పైరులోని సూక్ష్మ వాతావరణం అంటాం.

ఇక్కడ రెండు తెగుళ్లను మాత్రమే వివరంగా చూద్దాం: పాముపొడ తెగులు, అగ్గి తెగులు. పొట్టకుళ్లు, మానిపండు తెగుళ్లు కూడా శిలీంధ్రాల వల్ల వచ్చేవే గానీ వాటిని పక్కన పెడుతున్నాను. ఈ రెంటినీ ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. పాముపొడ ఒక మొక్క మరో మొక్కను తాకితే పాకుతుంది. అగ్గి తెగులు గాలిలో వస్తుంది. కాబట్టి రెంటినీ దూరంతోనే అదుపు చేయవచ్చు గానీ, ఆ దూరాలు రెండూ ఒకటి కావు. ఈ తేడా అర్థమైతే పాఠంలో మిగిలినదంతా సులభం.

పాముపొడ తెగులు ఎలా పాకుతుంది?

పొడ అంటే మచ్చ. నీటి మట్టానికి కొంచెం పైన, కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగు మీద ముందుగా కోలగా, నీటిలో నానినట్లున్న ఆకుపచ్చని బూడిద రంగు మచ్చలు వస్తాయి. తర్వాత మచ్చ మధ్యభాగం తెల్లబడి, అంచు గోధుమ రంగుకు తిరుగుతుంది. అలాంటి మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోతే కాండం పాము చర్మంలా కనబడుతుంది.

దీన్ని కలిగించే శిలీంధ్రం రైజాక్టోనియా సొలాని. జపాన్‌లో 1910లో ఈ తెగులును మొదటిసారి వర్ణించారు. మన దేశంలో 1963లో పంజాబ్‌లోని గురుదాస్‌పూర్ నుంచి నమోదైంది. అప్పట్లో అది చిన్న తెగులే. ఆ దశాబ్దం చివర్లో పొట్టి రకాలు వచ్చాయి. పాత పొడుగు రకాలకు యూరియా ఎక్కువైతే పడిపోయేవి. పొట్టి రకాలు పడిపోవు, ఎక్కువ పిలకలు పెడతాయి, దగ్గరగా నాటినా దిగుబడి ఇస్తాయి. దానితో చేను గుబురు పెరిగింది, గుబురుతోపాటు తెగులూ పెరిగింది. పాముపొడను పూర్తిగా తట్టుకోగల వరి రకం ఇంతవరకూ దొరకలేదు. తట్టుకునే విత్తనం లేనప్పుడు నాటే పద్ధతికి ప్రాధాన్యం పెరుగుతుంది.

గాలిలో ఎగిరే కొనిడియంలు ఈ శిలీంధ్రానికి లేవు. అది ఆవగింజంత గట్టి గోధుమ రంగు ఉండలను తయారు చేసుకుంటుంది. వీటిని స్క్లెరోషియమ్‌లు అంటారు. కోత సమయంలో ఇవి నేలలో రాలి, మరుసటి పంట వరకు బతికే ఉంటాయి. దమ్ము చేసినప్పుడు పైకి లేచి నీటి మీద తేలతాయి. తేలుతూ పోయి వరి కాండానికి నీటి మట్టం దగ్గర అంటుకుంటాయి. అక్కడి నుంచి తంతువులు మొలిచి ఆకు తొడుగులోకి చొరబడతాయి. తర్వాత ప్రయాణం రెండు దిక్కుల్లో సాగుతుంది. ఒకటి అదే కాండం వెంట పైకి, పోటాకు వైపు. రెండోది పక్కకు. ఒక కుదురు ఆకు పక్క కుదురు ఆకును తాకిన చోట తంతువు వంతెన దాటినట్లు దాటుతుంది. తాకిడి లేకపోతే ఆ దాటడం లేదు. మచ్చలు పోటాకు దాకా పాకితే గింజ పాలు పోసుకోదు, తాలు పెరుగుతుంది.

శిలీంధ్రానికి 28 నుంచి 32 డిగ్రీల వేడి, 95 శాతానికి పైబడిన తేమ బాగా అనుకూలం. సార్వాలో ఆ వేడి ఎలాగూ ఉంటుంది. ఆ తేమ చేనుపైన రోజంతా ఉండదు. చేను లోపల మాత్రం ఉండగలదు. విద్యార్థులతో పొలానికి వెళ్లినప్పుడు నేనొక చిన్న పరీక్ష పెట్టేవాణ్ణి. ఉదయం పది గంటలకు, పై ఆకుల మీద మంచు ఆరిపోయాక, చేను మధ్యలో రెండు కుదుళ్ల మధ్యకు మోచేతి దాకా చెయ్యి పెట్టి తీయమనేవాణ్ణి. ఒక మడిలో చెయ్యి పొడిగా వచ్చేది. పక్క మడిలో తడిసి వచ్చేది. రెంటి మీదా పడిన వాన ఒకటే, కాసిన ఎండ ఒకటే.

నాట్లకు ముందే చేయదగిన పని ఒకటుంది. చివరి దమ్ము తర్వాత నీరు నిలిచినప్పుడు గాలివాటానికి ఒక మూలకు తెట్టు చేరుతుంది. పాత గడ్డి ముక్కలు, పొట్టు, వాటితోపాటు స్క్లెరోషియమ్‌లు అందులో ఉంటాయి. ఆ తెట్టును గోనెపట్టాతోనో, సన్నని వలతోనో లాగి చేనుకు దూరంగా పాతిపెట్టాలి. గట్టు మీద వేస్తే తర్వాతి వానకు మళ్లీ మడిలోకే వస్తుంది. గట్ల మీద గరిక, ఊద, తుంగ కూడా ఈ శిలీంధ్రానికి ఆశ్రయమిస్తాయి కనుక వాటిని నాట్లకు ముందే చెక్కాలి.

పంట మార్పిడి గురించి ఒక మాట. డెల్టాలో సార్వా వరి తర్వాత మినుము గానీ, దున్నకుండా మొక్కజొన్న గానీ వేయడం మీకు తెలిసిందే. పంట మారింది కనుక తెగులు చక్రం తెగిపోయిందని చాలామంది అనుకుంటారు. రైజాక్టోనియా సొలాని మొక్కజొన్న ఆకు తొడుగులనూ ఆశిస్తుంది, మినుమునూ ఆశిస్తుంది. ఈ తెగులు విషయంలో ఆ మార్పిడి మీద ఆశ పెట్టుకోకూడదు.

కుదుళ్ల లెక్క

చదరపు మీటరులో ఎన్ని కుదుళ్లు ఉన్నాయన్నది నాటు దూరాన్ని బట్టి తేలిగ్గా లెక్కకట్టవచ్చు. వరుసల మధ్య 20, వరుసలో కుదుళ్ల మధ్య 15 సెంటీమీటర్లు ఉంటే ఒక్కో కుదురుకు 300 చదరపు సెంటీమీటర్ల చోటు దక్కుతుంది. చదరపు మీటరు అంటే 10,000 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే 33. వానాకాలం పంటకు సాధారణంగా సిఫార్సు చేసే సంఖ్య ఇదే. 15 × 15 అయితే 44. చలికి పిలకలు తక్కువగా వచ్చే దాళ్వాకు, అంటే యాసంగికి, ఈ సంఖ్యను సిఫార్సు చేస్తారు. 15 × 10 అయితే 66కు పైగా. శ్రీ పద్ధతిలో 25 × 25 కనుక 16 మాత్రమే. నాటు యంత్రాల్లో వరుసల మధ్య దూరం సాధారణంగా 30 సెంటీమీటర్లుగా స్థిరంగా ఉంటుంది. కుదుళ్ల మధ్య దూరాన్నే మార్చుకోగలం. అక్కడ 14 పెట్టుకుంటే దాదాపు 24 కుదుళ్లు వస్తాయి.

ఈ సంఖ్యలు చూసి "ఎంత పలచగా నాటితే అంత మంచిది" అనుకోవద్దు. పరీక్షల్లో ఈ తప్పు తరచుగా కనబడుతుంది. ఎకరానికి ఇంతని గుత్తకు ఇచ్చినప్పుడు ముఠా త్వరగా నాటుకుంటూ పోతుంది. గట్టు దగ్గర ఒత్తుగా, మడి మధ్యలో పలచగా పడుతుంది. పలచబడిన చోట చేను నిండాలని రైతు యూరియా పెంచుతాడు. యూరియా చేనంతా పడుతుంది కనుక ఒత్తుగా ఉన్న చోట గుబురు మరీ పెరుగుతుంది, ఆకు మెత్తబడుతుంది. పాముపొడ మొదలయ్యేది అక్కడే. అంటే నష్టం చేసింది పలచని నాటు, తెగులు వచ్చింది ఒత్తు నాటులో. అందుకే సగటు సంఖ్య కంటే నాటు సమంగా ఉండడాన్ని నేను ఎక్కువగా చూస్తాను.

కుదురుకు ఎన్ని మొక్కలన్నది కూడా అంతే ముఖ్యం. రెండు మూడు చాలు. ఐదారు మొక్కలు కలిపి గుచ్చితే కుదురు మొదట్లోనే బిగుసుకుపోయి, వరుసల మధ్య ఎంత ఎడం ఉన్నా కుదురు లోపల గాలి ఆడదు. ముదురు నారు వేసినప్పుడు ఇలా జరుగుతుంది. పంటకాలం ఎన్ని నెలలో, నారు వయసు అన్ని వారాలు ఉండాలని రైతులు చెప్పుకునే లెక్క సరైనదే. నాలుగు నెలల పంటకు నాలుగు వారాల నారు. కాలువ నీరు ఆలస్యమైతే నారు ముదురుతుంది. ముదురు నారు పిలకలు తక్కువ పెడుతుంది కనుక కుదుళ్లు పెంచి, కుదురుకు మొక్కలు పెంచి నాటమని చెబుతారు. దిగుబడి కోణంలో ఆ సలహా సరైనదే. తెగులు కోణంలో మాత్రం అది ప్రమాదాన్ని పెంచుతుంది. ఇలాంటి చోట రెండు శాస్త్రాలు రెండు వైపులకు లాగుతాయి. నా అభిప్రాయంలో అలాంటి ఏడాది ఒత్తుగానే నాటి, కింద చెప్పబోయే కాలిబాటలు మాత్రం మానకూడదు.

వెదజల్లే పద్ధతిలో వరుసలే ఉండవు. విత్తన మోతాదు ఎక్కువైతే పైరు తొందరగా కమ్ముకుపోతుంది. ఆ పద్ధతికి డ్రమ్ సీడర్ మేలు, కనీసం వరుసలైనా వస్తాయి.

కాలిబాటలు

ప్రతి 2 మీటర్ల నాటుకు 20 సెంటీమీటర్ల వెడల్పు బాటను తూర్పు పడమరలుగా వదలమని సిఫార్సు. ఇది ముఖ్యంగా సుడిదోమ కోసం ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. పాముపొడకూ అంతే పనికొస్తుంది, ఎందుకంటే ఆకుల తాకిడి అక్కడ తెగుతుంది. ఒక పట్టీలో మొదలైన తెగులు పక్క పట్టీకి పాకడానికి ఆలస్యమవుతుంది.

తూర్పు పడమరలే ఎందుకు? మన ప్రాంతం సుమారు 14 నుంచి 19 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. వానాకాలం పంట తొలి నెలల్లో సూర్యుడు దాదాపు నెత్తి మీదుగా తూర్పు నుంచి పడమరకు పోతాడు. బాట కూడా అదే దిశలో ఉంటే ఎండ రోజులో ఎక్కువసేపు బాట వెంబడి పడుతుంది. ఉత్తర దక్షిణాలుగా వదిలితే మధ్యాహ్నం కాసేపే అడుగుదాకా చేరుతుంది.

ఈ సిఫార్సు అందరికీ తెలుసు, పాటించేవారు తక్కువ. కారణం భూమి లెక్క. 2.2 మీటర్లలో 0.2 మీటరు బాట. అంటే సుమారు 9 శాతం. ఎకరానికి 9 సెంట్లు ఖాళీగా వదలమన్నమాట. కొన్నేళ్ల క్రితం కృష్ణా డెల్టాలో ఒక కౌలు రైతు చేను చూడడానికి వెళ్లాను. పాముపొడ పోటాకు దాకా ఎక్కింది. అప్పటికే రెండుసార్లు మందు కొట్టాడు. బాటలు లేని చేనులో మనిషి నడవలేక, గట్ల మీద నుంచి, పైరు మీదుగా కొట్టాడు. మందు పై ఆకుల మీద నిలిచిపోయింది. తెగులు నీటి మట్టం దగ్గర ఉంది. బాటలు ఎందుకు వదల్లేదని అడిగితే, "నేను కౌలు బస్తాల లెక్కన కట్టాలి సార్. బాటకు కూడా కౌలు కట్టాలి కదా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. వాలిడామైసిన్, హెక్సాకొనజోల్ వంటి మందులు పాముపొడకు పనిచేస్తాయి, కానీ మొదళ్లకు తగిలితేనే. ఆ ఏడాది అతను బాటలకూ కట్టాడు, రెండు విడతల మందుకూ కట్టాడు, తాలుకూ కట్టాడు.

ఇప్పుడైతే ఆయనకు లెక్క చూపించి మాట్లాడతాను. బాట అంచున ఉన్న వరుసకు ఎండ, గాలి, పోషకాలు ఎక్కువగా అందుతాయి కనుక అక్కడి కుదుళ్లు ఎక్కువ పిలకలు పెడతాయి. గట్టు పక్క వరుసను చూస్తే ఎవరికైనా ఇది తెలుస్తుంది. ఖాళీ వదిలిన చోటు నష్టం అలా చాలావరకు పూడుతుంది. అదీ చాలదనుకుంటే వరుసలో కుదుళ్ల దూరాన్ని 15 నుంచి 13.5 సెంటీమీటర్లకు తగ్గించవచ్చు. 20 × 13.5 అంటే పట్టీలో చదరపు మీటరుకు 37 కుదుళ్లు. బాటలతో కలిపి చూస్తే, 2.2 మీటర్లలో 2 మీటర్లే నాటు కనుక, మళ్లీ సగటున 33 దాటుతుంది. కుదుళ్ల సంఖ్య తగ్గలేదు, కూర్పు మారింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 20 × 10 సెంటీమీటర్ల దూరంలో, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదిలి నాటిన చేనులో సగటున చదరపు మీటరుకు ఎన్ని కుదుళ్లు ఉంటాయి? (జవాబు: పట్టీలో 50, బాటలతో కలిపి సుమారు 45.)

అగ్గి తెగులు: నాటే తేదీ

అగ్గి తెగులుకు కారణమైన శిలీంధ్రం పైరిక్యులేరియా ఒరైజే. మాగ్నపోర్తే ఒరైజే అన్న పేరు కూడా పుస్తకాల్లో కనబడుతుంది. ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. కంకి మెడ దగ్గర సోకితే మెడ నల్లబడి విరుగుతుంది. దాన్ని మెడవిరుపు అంటారు. ఆకుల మీద వచ్చినదాన్ని మొక్క కొంత తట్టుకుంటుంది. మెడకు వస్తే ఆ కంకి పోయినట్లే.

ఇది గాలిలో ఎగిరే సిద్ధబీజాల ద్వారా వస్తుంది. రాత్రివేళ మచ్చ నుంచి విడివడి, తడిగా ఉన్న ఆకు మీద వాలి మొలకెత్తుతుంది. మొలక చివర అప్రెసోరియం అనే చిన్న గుండ్రటి కణం ఏర్పడుతుంది. దాని లోపలి ఒత్తిడి 8 మెగాపాస్కల్‌ల వరకు, అంటే వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడితో ఆకు పైపొరను గుచ్చి లోపలికి పోతుంది. ఇదంతా జరగడానికి ఆకు కొన్ని గంటలపాటు ఆరకుండా తడిగా ఉండాలి. 20 డిగ్రీల చుట్టుపక్కల చల్లని రాత్రులు, మంచు, తెల్లవారాక తొందరగా ఆరని ఆకు, ఇవే దానికి కావలసినవి.

ఇలా వచ్చే శత్రువుకు 20 సెంటీమీటర్ల బాట అడ్డం కాదు. బాటల వల్ల ఉదయం మంచు కాస్త తొందరగా ఆరుతుంది, అంతమేరకే లాభం. ఇక్కడ ఎక్కువగా పనిచేసేది తేదీ.

సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అగ్గి తెగులును తట్టుకోలేని రకం. పంటకాలం సుమారు 150 రోజులు. కోతకు 30 రోజుల ముందు పూత అనుకుంటే విత్తిన 120 రోజులకు ఈనుతుంది. జూన్ 15న నారు పోస్తే అక్టోబరు రెండో వారంలో ఈనిక. రాత్రులు ఇంకా వెచ్చగానే ఉంటాయి. జూలై 20న పోస్తే నవంబరు మూడో వారం. ఆలస్యంగా విత్తితే పంటకాలం కొంత తగ్గుతుంది గానీ, ఈనిక చలి రాత్రుల్లోకే జరుగుతుంది. అదే విత్తనం, అదే పొలం. నెల రోజుల ఆలస్యం కంకి మెడను మంచులో నిలబెడుతుంది. కాలువ నీరు ఆలస్యమైన ఏడాది దీర్ఘకాలిక రకాన్నే పట్టుకు కూర్చోకుండా తక్కువ కాలపు రకానికి, వీలైతే అగ్గి తెగులును తట్టుకునేదానికి మారడం మంచిది.

దాళ్వాలో ఇది తిరగబడుతుంది. చలి నారుమడిలోను, పిలక దశలోను ఉంటుంది కనుక అక్కడ ముప్పు ఆకులకే. నారుమడిని ఒత్తుగా పోయకూడదు. ఎకరా నాటుకు 5 సెంట్ల నారుమడి వాడుకలో ఉన్న కొలత. దాన్ని 3 సెంట్లకు కుదిస్తే నారు మొదటి ఆకు నుంచే తడిలో ఉంటుంది. నారుమడి బీటలు వారేలా ఎండగట్టడం కూడా అగ్గి తెగులుకు ఆహ్వానమే. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. పాముపొడ వచ్చిన చేలో నీరు తీసి కాస్త ఆరబెట్టమంటాం. అగ్గి తెగులు ఉన్న చేనును ఎండనివ్వవద్దంటాం. కాబట్టి మచ్చ చూసి, ఏ తెగులో గుర్తించిన తర్వాతే నీటి మీద చెయ్యి వేయాలి.

నత్రజని విషయంలో మాత్రం రెండు తెగుళ్లకూ ఒకటే మాట. దమ్ములో, పిలక దశలో, అంకుర దశలో మూడు భాగాలుగా వేయాలి. తెగులు కనబడితే తర్వాతి విడత ఆపాలి.

అగ్గి తెగులుకు ట్రైసైక్లజోల్ అనే మంచి మందు ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. యూరోపియన్ యూనియన్ 2017లో బియ్యంలో దాని అవశేషాల గరిష్ట పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి తగ్గించింది. దాంతో ఉత్తర భారతంలో బాస్మతి ఎగుమతికి పండించేవారికి ఆ మందు మీద ఆధారపడడం కష్టమైంది. ఒక మందు మీద ఆనుకున్న సాగు ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో కదిలిపోతుంది.

యునాన్ వరుసలు

అగ్గి తెగులుకు పనికొచ్చే దూరం మరొకటి ఉందన్నాను. అది ఒకే రకపు మొక్కకూ, అదే రకపు మరో మొక్కకూ మధ్య దూరం. దీనికి మంచి ఉదాహరణ నైరుతి చైనాలోని యునాన్ రాష్ట్రం.

అక్కడివారికి జిగురు వరి ఇష్టం. పిండివంటలకు, పండుగలకు అదే కావాలి, ధర కూడా ఎక్కువ. కానీ ఆ రకాలు దిగుబడి తక్కువ, అగ్గి తెగులుకు తేలిగ్గా లొంగుతాయి. దానితో రైతులు ఎక్కువ భూమిలో తెగులును తట్టుకునే సంకరజాతి వరి వేసేవారు. కొందరు రైతులు మాత్రం సంకరజాతి నాలుగు వరుసలకు ఒక వరుస చొప్పున జిగురు వరిని మధ్యలో నాటుకునేవారు. జు యూయోంగ్ అనే తెగుళ్ల శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ రైతు పద్ధతినే పెద్దయెత్తున పరీక్షించారు. 1998లో షిపింగ్ కౌంటీలో 812 హెక్టార్లు. 1999లో పక్కనున్న జియాన్‌షుయి కౌంటీని కూడా కలిపి 3,342 హెక్టార్లు. ఫలితాలు 2000లో నేచర్ పత్రికలో వచ్చాయి. విడిగా వేసిన జిగురు వరితో పోలిస్తే, వరుసల మధ్య వేసిన జిగురు వరిలో అగ్గి తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. రెండో ఏడాదికి అగ్గి తెగులు మందు కొట్టడమే మానుకున్నారు. ఒక హెక్టారు మిశ్రమ సాగులో వచ్చిన పంటను రెండు రకాలు విడివిడిగా వేసి పండించాలంటే 1.18 హెక్టార్లు కావలసి వచ్చింది.

ఇది ఎందుకు పనిచేసింది? జిగురు వరి మచ్చ నుంచి లేచిన సిద్ధబీజం పక్కకు పోతే అక్కడ తగిలేది సంకరజాతి మొక్క. దాని మీద వాలినా ఎదగలేదు. తనకు లొంగే మరో మొక్క నాలుగు వరుసల అవతల ఉంది. పైగా జిగురు వరి సంకరజాతి కంటే 35, 40 సెంటీమీటర్లు పొడుగు. దాని కంకులు చేనుపైన గాలిలో, ఎండలో ఉండి తొందరగా ఆరాయి. మరో కారణం విస్తీర్ణం. మీరు ఒక్క ఎకరాలో ఈ పని చేస్తే చుట్టుపక్కల చేల నుంచి సిద్ధబీజాలు వచ్చి పడుతూనే ఉంటాయి. వేల హెక్టార్లలో అందరూ చేస్తే ఆ ప్రాంతపు గాలిలోనే వాటి సంఖ్య తగ్గుతుంది.

ఇదే పద్ధతి పాముపొడకు పనిచేస్తుందా? నాకు ఆశ లేదు. దానికి పూర్తిగా లొంగని రకం లేనప్పుడు మధ్యలో అడ్డం నిలిచే వరుస ఏది? ఆకులు తాకితే చాలు, పాముపొడ అన్ని రకాల మీదా పాకుతుంది.

మన పొలాల్లో ఎంతవరకు?

యునాన్‌లో కోత చేతితో కోసుకున్నారు. పొడుగ్గా ఉన్న జిగురు వరి కంకులను ముందు వేరుగా కోశారు. మన దగ్గర కోత యంత్రం దిగితే రెండు రకాల ధాన్యం కలిసిపోతుంది, కలిసిన ధాన్యాన్ని మిల్లరు తీసుకోడు. కాబట్టి వరుసల మిశ్రమాన్ని యథాతథంగా తెచ్చుకోమని నేను చెప్పను.

తెచ్చుకోగలిగింది వరుస స్థాయిలో కాక మడి స్థాయిలో, ఊరి స్థాయిలో ఉంది. ఆయకట్టు అంతా ఒకే సాంబ మసూరి అయినప్పుడు సిద్ధబీజం ఎటు వాలినా దానికి అన్నమే. మధ్య మధ్య తట్టుకునే రకం మడులు ఉంటే కొంత వృథా అవుతుంది. యునాన్‌లో చూసినంత మేలు ఇందులో రాదు, ఎందుకంటే ఒక మడి లోపల మొక్కలన్నీ ఒకేలాంటివి. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

ఒక జాగ్రత్త. రకాలు వేరుగా ఉండాలి గానీ, నాట్లు మరీ వెనకా ముందూ కాకూడదు. ముందు నాటిన చేలో తెగులు ముదిరే సమయానికి పక్కన లేత పైరు ఉంటే దాని మీదికే సిద్ధబీజాలు పోతాయి. ఒక కాలువ కింద నాట్లు రెండు మూడు వారాల్లో ముగియడం మేలు. ఇది ఒక రైతు తన గట్టు లోపల చేసుకోగల పని కాదు. నీటి సంఘమో, గ్రామ రైతులో కూర్చుని మాట్లాడుకోవాలి. తెగుళ్ల పాఠ్యపుస్తకాల్లో దీన్ని తరచూ ఒక్క వాక్యంతో దాటేస్తారు. నిజానికి అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే.

క్షేత్ర అభ్యాసం

మీకు అందుబాటులో ఉన్న ఒక వరి చేను ఎంచుకోండి, నాటి 40 నుంచి 50 రోజులైనది. నాలుగు వెదురు బద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టుకోండి. గట్టు దగ్గర రెండు చోట్ల, మడి మధ్యలో మూడు చోట్ల దాన్ని ఉంచి కుదుళ్లు లెక్కపెట్టండి. ప్రతిచోటా ఐదు కుదుళ్ల మొదళ్లు విడదీసి, నీటి మట్టం దగ్గర ఆకు తొడుగు మీద మచ్చలున్నాయేమో చూసి రాసుకోండి. ఉదయం పది గంటలకు చెయ్యి పెట్టి తడి కూడా చూడండి. తర్వాత ఆ రైతును మూడు విషయాలు అడగండి: నారు పోసిన తేదీ, నాటిన రోజుకు నారు వయసు, బాటలు వదిలారా లేదా. వదలకపోతే ఎందుకని అడిగి, ఆయన చెప్పిన కారణాన్ని ఆయన మాటల్లోనే రాయండి. ఐదు చోట్ల కుదుళ్ల సంఖ్య, మచ్చలున్న కుదుళ్ల సంఖ్య పక్కపక్కన పట్టికగా వేసి, సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు తీసుకురండి.